హౌస్ క్యూలకి ఎల్క్ మాస్టర్ టిప్: నొక్కి వాడితేనే నిలుస్తుంది

ముందు తీర్పు చెప్పేస్తాను. పదిమంది చేతులు మారే స్నూకర్ పార్లర్ క్యూలకి, అంటే బంతిని కొట్టే కర్రలకి, పెట్టిన డబ్బుకి తగ్గ పని చేసే టిప్ (మొనకి అంటించే తోలు బిళ్ల) ఏదని ఎవరడిగినా నేను ఎల్క్ మాస్టర్ పేరే చెబుతాను. కాకపోతే పెట్టెలోంచి తీసింది తీసినట్టు అంటించేస్తే అది ఎక్కువ కాలం నిలవదు. ముందు వైస్‌లో, అంటే లేత్ షాపుల్లో ఉండే ఇనుప బిగింపులో, పెట్టి నొక్కాలి, తిన్నగా అంటించాలి, ఆ తర్వాత అనవసరంగా దాని జోలికి పోకూడదు. ఈ మూడోదే అందరికీ కష్టం. నేను చూసినంతలో తోలు టిప్‌లు ఆటలో అరిగిపోయేది తక్కువ, శాండ్ పేపర్ కింద పోయేదే ఎక్కువ.

నేను అనంతపురంలో, సప్తగిరి సర్కిల్‌కి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక పార్లర్‌లో మార్కర్‌ని. మూడు స్నూకర్ టేబుళ్లు, రెండు పూల్ టేబుళ్లు ఉన్నాయి. ఫ్రేమ్, అంటే ఒక ఆట, అయ్యాక బంతులు పేర్చడం, స్కోరు చూడటం, టేబుల్ మీది క్లాత్ బ్రష్ చేసి ఇస్త్రీ పెట్టడం, వీటితో పాటు గోడకి నిలబెట్టిన క్యూలన్నిటి బాగోగులూ నావే. సాయంత్రమైతే కాలేజీ పిల్లలు వస్తారు, రాత్రి షాపులు కట్టేశాక వ్యాపారులు వస్తారు. సొంత క్యూ ఉన్నవాళ్లు వీళ్లలో చాలా తక్కువ, మిగతా అందరూ ఈ గోడ క్యూలతోనే ఆడాలి. డబ్బులిచ్చి గంట ఆడుకుందామని వచ్చిన పిల్లవాడి చేతిలో మొన బండబారిన క్యూ పెడితే, ప్రతి రెండో దెబ్బకీ జారుతుంటే, వాడు తనకే ఆట రాదనుకుని వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. అది నాకు చాలా బాధగా ఉంటుంది. టిప్‌ల విషయంలో నాకు ఇంత పట్టుదల అందుకే.

బంతికి తగిలేది టిప్ ఒక్కటే. క్యూ ఎంత ఖరీదైనదైనా, చెయ్యి ఎంత తిరిగినదైనా, బంతి మీద పడేది ఆ చిన్న తోలు బిళ్లే. అదీ సెకనులో వెయ్యో వంతు సేపు. ఆ కాస్త సేపట్లో జారకుండా పట్టుకుంటేనే స్క్రూ (బంతి వెనక్కి తిరగడం) వస్తుంది, సైడ్ (పక్కకి తిరగడం) వస్తుంది. జారకుండా రాసే చాక్ బాగా పట్టిన టిప్‌తో కొట్టినా, బంతి మధ్య నుంచి అంచు వైపు సగం దూరం దాటితే జారిపోతుంది. టిప్ నున్నబడిపోతే ఆ హద్దు ఇంకా లోపలికి వచ్చేస్తుంది, కాస్త పక్కకి పోయినా మిస్‌క్యూనే. తోలు టిప్ రాకముందు ఒట్టి చెక్క మొనతోనే ఆడేవారు, కాబట్టి బంతి మధ్యలో తప్ప వేరేచోట కొట్టడానికి వీలుండేది కాదు. 1800ల తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌లో మెంగో అనే సైనికాధికారి జైల్లో ఉండగా క్యూ మొనకి తోలు అంటించి ఆడాడని, ఈ టిప్ ఆయన చలవేనని చెబుతారు. ఈ రోజు మనం కొట్టే ప్రతి స్పిన్ షాట్ అక్కడి నుంచి మొదలైందే.

చాక్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే శాండ్ పేపర్ గొడవకి సగం జవాబు అందులోనే ఉంది. మనం వాడే నీలం చాక్‌లో బడి సుద్ద ఉండదు. 1897లో అమెరికాలో విలియం స్పింక్స్ అనే బిలియర్డ్స్ ఆటగాడు, విలియం హాస్కిన్స్ అనే రసాయనవేత్త కలిసి పేటెంట్ తీసుకున్న రకం ఇది. ఇసుకలో ఉండే సిలికా, సానపెట్టడానికి వాడే గరుకు పొడి కలిపి చేస్తారు. అంటే చాక్ రాసిన ప్రతిసారీ టిప్ మీద సన్నటి గరుకు పొడి రుద్దుతున్నట్టే. టిప్ పైభాగం కాస్త తెరుచుకుని ఉంటే ఆ పొడి అందులో కూర్చుంటుంది. టిప్ చేయాల్సింది ఆ పొడిని పట్టి ఉంచడం, అంతే. దానికి తోలుని రోజూ గీకాల్సిన పని లేదు.

ఇక ఎల్క్ మాస్టర్ సంగతి. ఇది షికాగోకి చెందిన ట్వీటెన్ కంపెనీది. లీ ప్రో, ట్రయాంగిల్ టిప్‌లు, పార్లర్లన్నిటిలో కనిపించే మాస్టర్ చాక్ కూడా వాళ్లవే. ఎల్క్ మాస్టర్ నీలంగా ఉంటుంది, తోలులోకి చాక్ పట్టించి ఉంటారు. మెత్తటి రకం. స్నూకర్ ఆడేవాళ్లు తరాలుగా వాడుతున్నారు. యాభై ఉన్న పెట్టె వస్తుంది. పార్లర్‌కి అదే లాభం, ఎందుకంటే ఒక మంచి జపాన్ లేయర్డ్ (పొరలు అంటించి చేసిన) టిప్‌కి పెట్టే డబ్బుతో ఇవి గుప్పెడు వస్తాయి.

ఇది పొరలు లేని ఒకే తోలు ముక్క. తోలన్నాక ఒక చోట దట్టంగా, ఒక చోట వదులుగా ఉంటుంది. అందువల్ల ఒకే పెట్టెలోని టిప్‌లు కూడా ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి. దీన్ని లోపం అని నేను అనను, తోలు స్వభావమే అంత. కానీ తెలియక వాడితే ఒక క్యూకి గట్టిది, పక్క క్యూకి మెత్తది పడుతుంది. నేను కొత్త పెట్టె విప్పగానే అన్నిటినీ గ్రానైట్ గట్టు మీద పరిచి ఏరతాను. పక్కన గోటితో నొక్కితే లోపలికి పోయేవి ఒక కుప్ప, పోనివి ఒక కుప్ప. అరంగుళం ఎత్తు నుంచి గట్టు మీద వదిలితే చప్పుడులో కూడా తేడా తెలుస్తుంది, దట్టమైనది టక్కుమంటుంది, వదులుది మెత్తగా పడుతుంది. పోగులు విడిపోయి కనిపించేవాటిని పక్కన పడేస్తాను. గట్టివి స్నూకర్ క్యూలకి. మెత్తవాటిని ఇంకాస్త ఎక్కువ సేపు నొక్కి, తక్కువగా వాడే క్యూలకి వేస్తాను.

నొక్కడం అంటే ఏమిటో వివరంగా చెబుతాను. మా పక్క వీధిలో లేత్ షాపు ఉంది. రాత్రి షట్టర్ దించే ముందు అక్కడి బెంచ్ వైస్ నాకు ఇస్తారు. దవడల మధ్య రెండు నున్నటి ఇనుప పలకలు పెట్టి, వాటి మధ్య టిప్‌లు నిలువుగా కాకుండా పడుకోబెట్టి, ఒకదాన్నొకటి తాకకుండా సర్దుతాను. చేతి బలంతో బిగించి కాసేపు ఆగాలి. తోలు కాస్త లొంగుతుంది, పిడి మళ్లీ వదులైనట్టు అనిపిస్తుంది. ఇంకో పావు తిప్పు. మళ్లీ ఆగాలి. ఒక్కసారిగా బలమంతా పెట్టి తిప్పితే పక్కలు పగులుతాయి. ఇలా దఫదఫాలుగా బిగించి తెల్లారేదాకా వదిలేస్తాను. పొద్దున తీసి చూస్తే ఎత్తు కంటికి తెలిసేంత తగ్గి ఉంటుంది. తీసిన వెంటనే అంటించను. తోలు కొంచెం వెనక్కి పొంగుతుంది, ఆ పొంగేదేదో క్యూ మీదకి ఎక్కక ముందే పొంగనివ్వాలి. ఒక రోజు డబ్బాలో ఉంచి, అప్పుడు వాడతాను.

అమెరికాలో కొందరు ఎల్క్ మాస్టర్‌ని ముందు పాలలో నానబెట్టి, తర్వాత నొక్కి, ఆరబెట్టి వాడతారు. అలా చేసిన టిప్ బాగా గట్టిపడుతుంది, పూల్ ఆడేవాళ్లకి అది ఇష్టం. పార్లర్ స్నూకర్ క్యూలకి అంత గట్టిదనం అక్కర్లేదు. మా ఊరి ఎండకి తోలు దానంతటదే ఆరి బిగుసుకుంటుంది, పొడిగా నొక్కితే చాలు.

నొక్కని టిప్‌కి, నొక్కిన టిప్‌కి తేడా మొదటి వారంలోనే బయటపడుతుంది. నొక్కనిది దెబ్బలకి అణిగి, అణిగిందంతా పక్కలకి పోయి, ఫెర్రూల్ (టిప్ కింద క్యూ మొనకి ఉండే తొడుగు) అంచు దాటి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అది కోసేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. రెండు మూడు కోతలకి తోలులో సగం పోతుంది. నొక్కినది కూడా కొద్దిగా విచ్చుకుంటుంది, కానీ ఒకసారి సరిచేస్తే ఇక కుదురుకుంటుంది.

అంటించడంలో అందరూ జిగురు గురించే అడుగుతారు. జిగురు రెండో విషయం. అడుగు చదునుగా ఉందా లేదా అన్నది మొదటిది. పాత టిప్‌ని బ్లేడుతో పొరలు పొరలుగా తీసేశాక ఫెర్రూల్ మీద ఎండిన జిగురు గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఇత్తడి ఫెర్రూల్ అయితే ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ గుడ్డకి అద్ది తుడిస్తే మెత్తబడి వస్తుంది. పూల్ క్యూలకి ఉండే ప్లాస్టిక్ ఫెర్రూల్ మీద మాత్రం ఆ పని చేయకండి, ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది. అక్కడ బ్లేడు అంచుతో ఓపికగా గీకడమే దారి. తర్వాత ఫెర్రూల్ పైన చిన్న స్టీలు స్కేలు అంచు నిలబెట్టి ట్యూబ్‌లైట్ వైపు పట్టి చూడాలి. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపిస్తే ఇంకా చదును కాలేదన్నమాట. టిప్ అడుగుని కూడా గాజు పలక మీద పరిచిన సన్న శాండ్ పేపర్ మీద, వేలితో సమానంగా ఒత్తి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దాలి. శాండ్ పేపర్‌కి అసలు పని ఇక్కడే.

జిగురుకి ఫెవిక్విక్ లాంటిది ఏదైనా సరిపోతుంది. చిక్కగా జెల్ లాగా ఉండే రకం దొరికితే అదే తీసుకోండి. పల్చటిది తోలులోకి పీల్చుకుపోయి లోపల గట్టిపడుతుంది, మెత్తటి టిప్ వేసి కూడా అడుగున రాయి మీద ఆడుతున్నట్టు అవుతుంది. ఒక్క చుక్క చాలు. టిప్ పెట్టి, క్యూని తలకిందులు చేసి, గట్టి చెక్క మీద మొన ఆనించి, నిటారుగా ఒక నిమిషం ఒత్తి పట్టుకోవాలి. పక్కకి జరిగిందా అని మాటిమాటికీ కదపకూడదు. నేను రాత్రి అంటిస్తాను, మర్నాడు సాయంత్రం వరకు ఆ క్యూ ఎవరికీ ఇవ్వను. అది అంటుకుందని వెంటనే బ్రేక్ (ఆట మొదలుపెట్టే దెబ్బ) కొట్టినవాళ్లే టిప్ ఊడిందని నా దగ్గరికి వస్తారు.

మిగిలిన అంచు కోయడానికి కూడా అదే భంగిమ. మొన కింద చెక్కకి ఆనించి, పదునైన కొత్త బ్లేడుని ఫెర్రూల్ వెంట కిందికి దించాలి. బ్లేడు ఫెర్రూల్‌కి తగలాలి కానీ దాన్ని కోయకూడదు. మొద్దు బ్లేడు తోలుని కోయదు, చింపుతుంది. తర్వాత పక్కలకి మెరుగు పెట్టాలి. చాలామంది వదిలేసే పని ఇదే. టిప్ ఎక్కువ కాలం నిలవడానికి నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది కూడా ఇదే. పక్కలని ఒక చుక్క నీటితో తడిపి, తోలు ముక్కతో గట్టిగా, వేగంగా రుద్దాలి. వేడి పుట్టి పోగులు ఒకదానికొకటి అంటుకుని, అంచు నల్లగా మెరుస్తూ గట్టిపడుతుంది. అలా గట్టిపడిన గోడ టిప్‌ని పక్కలకి పొంగనివ్వదు.

ఆ తోలు ముక్క నాకు పాతూరులో చెప్పులు కుట్టే పెద్దాయన ఇచ్చాడు. నేను టిప్ చూపించి ఏం చేస్తున్నానో చెబితే, తన చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూశాడు. "నాయనా, నీళ్లు ఎక్కువ పెట్టినావు. తోలు ఉబ్బితే మెరుగు నిలవదు. వేలు తడి చేసి అంటించు, చాలు" అన్నాడు. చెప్పు అడుగు అంచుకి ఆయన పెట్టే మెరుగు చూపించాడు. అదే పని, చిన్న ఎత్తున. ఆయన ఇచ్చిన ముక్క ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది, ఏ దుకాణంలో కొన్న పరికరం కన్నా దానితోనే అంచు బాగా వస్తుంది.

ఆకారానికి నేను రూపాయి బిళ్ల వాడతాను. పూల్ ఆడే అమెరికన్లు తమ నికెల్ నాణెం అంచు ఎంత వంపు ఉంటుందో టిప్ అంత వంపు ఉండాలంటారు. ఆ నాణెం అడ్డంగా 21 మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. 2011లో వచ్చిన వరసలోని మన రూపాయి బిళ్ల దాదాపు 22. కాబట్టి టిప్ పక్కన ఆ రూపాయి నిలబెట్టి వంపులు కలుస్తున్నాయేమో చూస్తే సరిపోతుంది. స్నూకర్ క్యూ మొన సన్నం, ఇంకాస్త గుండ్రం కావాలనేవాళ్లకి అదే వరసలో వచ్చిన యాభై పైసల బిళ్ల, అది 19 మిల్లీమీటర్లు, కొలతకి బాగుంటుంది. రూపాయి ఇంకో పనికి కూడా వస్తుంది. టిప్ పక్క గోడ ఎత్తు రూపాయి మందానికి దిగిందంటే మార్చే సమయం అయిందని నా లెక్క. ఇంకా లాగితే ఒక రోజు అంచు తెగి ఫెర్రూల్ వెళ్లి బంతికి తగులుతుంది. బంతి మీద గాటు పడుతుంది, క్లాత్ చిరిగినా చిరగవచ్చు. టిప్ దగ్గర మిగిల్చిన డబ్బు అక్కడ పదింతలై పోతుంది.

ఇప్పుడు శాండ్ పేపర్. డిగ్రీ చదివే ఒక కుర్రాడు సొంత క్యూ కొనుక్కుని చాలా ఇష్టంగా ఆడతాడు. ప్రతి ఫ్రేమ్ ముందు జేబులోంచి గరుకు ముక్క తీసి టిప్ మీద నాలుగు రుద్దులు రుద్దేవాడు. కింద నీలం పొడి రాలేది. ఒక రోజు నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఎంత రుద్దినా చాక్ నిలవడం లేదన్నా. ఈ టిప్ మంచిది కాదేమో, ఇంకోటి యాడ దొరుకుతుంది?" అని అడిగాడు. క్యూ తీసుకుని వెలుతురులో చూస్తే టిప్ మధ్యలో జిడ్డు మరక. "తమ్ముడూ, ఇందాక ఉగ్గాణి, బజ్జీ తిన్నావు కదా, అదే వేలితో టిప్ తడిమి చూస్తున్నావు. నూనె పట్టిన తోలు మీద చాక్ ఎట్లా నిలుస్తుంది? చెయ్యి కడుక్కుని రా" అన్నాను. మిరపకాయ బజ్జీ పట్టుకున్న చేత్తో టిప్ ముట్టుకోవడం మా దగ్గర రోజూ చూస్తాను. టేబుల్ దగ్గర ఒక పాత గుడ్డ వేలాడదీశాను, తిన్నవాళ్లందరికీ అదే చూపిస్తాను.

టిప్ నిజంగానే నున్నబడితే దానికి వేరే పద్ధతి ఉంది. ఆకురాయి గరుకు వైపు టిప్ మీద ఆనించి, ఒత్తి, క్యూని మెల్లగా దొర్లించాలి. రుద్దకూడదు. పళ్ల గుర్తులు తోలులోకి దిగుతాయి, తోలు మాత్రం రాలదు. కింద పొడి పడిందంటే ఒత్తడం మాని రుద్దుతున్నామని అర్థం. సూదుల్లాంటి మొనలు ఉండే టిప్ పిక్ దొరికితే ఇంకా మంచిది. ఆ కుర్రాడికి ఇది నేర్పాక శాండ్ పేపర్ ఇంట్లో పెట్టి వస్తున్నాడు. అతని టిప్ ఇప్పుడు నెలలు నిలుస్తోంది, ఆట కూడా బాగుపడింది. చూస్తే నాకెంతో సంతోషంగా ఉంటుంది.

చాక్ రాసే తీరు కూడా టిప్ ఆయుష్షుని తగ్గిస్తుంది. ఎక్కువమంది చాక్ ముక్కని టిప్ మీద బోర్లించి గిరగిరా తిప్పుతారు. చాక్‌లో గుంట పడుతుంది, ఆ గుంట అంచు ఫెర్రూల్‌ని రుద్దుతుంది, ఇత్తడి అయినా సరే గీతలు పడతాయి. టిప్ మధ్యలోకి చాక్ చేరనే చేరదు. పెయింట్ బ్రష్ వేసినట్టు అంచు నుంచి అంచుకి తేలికగా పూయాలి. నేను లోతు గుంట పడిన చాక్ ముక్కలని ఏ రోజుకారోజు తీసేస్తాను.

మా ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఇది ఇక్కడివాళ్లకి పనికొచ్చే రివ్యూ కాదు. వాన తక్కువ, గాలి పొడి, ఏప్రిల్ వస్తే నలభై దాటుతుంది. తోలులోని తేమ పోతే టిప్ గట్టిపడుతుంది. బయట ఎండలో నిలిపిన కారులో క్యూ వదిలేసి వచ్చి ఆడితే ఆ రోజు మొదటి ఫ్రేమ్ అంతా జారుతూనే ఉంటుంది. క్యూ చెక్క కూడా వంగవచ్చు. కారులో గానీ, బైక్ మీద కట్టి గానీ ఎండలో వదలకండి. సెప్టెంబరు, అక్టోబరు వానలకి దీనికి ఎదురు జరుగుతుంది, టిప్ తేమ పీల్చి కాస్త మెత్తబడి పక్కలకి పొంగుతుంది. ఆ రెండు నెలలూ అంచులకి మెరుగు ఎక్కువసార్లు పెడతాను. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసే కుటుంబాలని చూసినవాళ్లకి, తడికి, ఎండకి తోలు ఎట్లా మారుతుందో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

లేయర్డ్ టిప్‌ల మాట. జపాన్ నుంచి వచ్చే కముయి, మూరి లాంటివి పల్చటి పందితోలు పొరలు ఒకదాని మీద ఒకటి అంటించి చేస్తారు. సొంత క్యూ జాగ్రత్తగా వాడుకునేవాడికి అవి నిజంగా మంచివి. ఒకటి వాడి ఇంకోటి కొంటే అదే రకంగా ఉంటుంది, ఏరుకునే పని లేదు, పక్కలకి పొంగడం తక్కువ. పార్లర్ క్యూ మీద వేయడం మాత్రం వృథా. కొత్తగా ఆడేవాడు క్యూ మొనని నేలకేసి తాటిస్తాడు, టేబుల్ అంచుకి కొడతాడు. అంత డబ్బు పెట్టిన టిప్ మూడో రోజుకే చెడిపోతే ఓనర్ ఇంకోసారి కొనడు. ఇంకో మాట. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర చవగ్గా వస్తున్నాయని ఊరూ పేరూ లేని లేయర్డ్ టిప్‌లు మా పార్లర్‌కి తెప్పించారు. మంచి రంగులు, మంచి డబ్బా. బ్రేక్ దెబ్బలకి పై పొర అంచు లేచి, గోటితో లాగితే రెండో పొర కూడా వచ్చేసింది. తిరిగి తీసుకోమంటే వాడేశారు కాబట్టి కుదరదన్నారు. పొరల మధ్య జిగురు మంచిది కాకపోతే లేయర్డ్ టిప్‌లో ఇంకేమీ లేనట్టే. చవక లేయర్డ్ కన్నా నొక్కిన ఒంటి తోలు ముక్క వంద రెట్లు నయం.

పూల్ టేబుళ్ల క్యూలకి నేను ఎల్క్ మాస్టర్ వేయను. పూల్ బంతి 57 మిల్లీమీటర్లు, స్నూకర్ బంతి 52.5. పూల్‌ది బరువు కూడా ఎక్కువ, పైగా అందరూ బ్రేక్ బలమంతా పెట్టి కొడతారు. మెత్తటి టిప్ ఆ దెబ్బలకి నిలవదు. అక్కడ ట్రయాంగిల్ వేస్తున్నాను, అది గట్టి రకం, బాగా నిలుస్తోంది. బ్రేక్ కోసం ఒక పాత క్యూ విడిగా పెట్టి, దానికి తోలు కాకుండా ఫినాలిక్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి టిప్ వేశాను. బ్రేక్ అది పట్టుకుని కొట్టి, మిగతా ఆట మామూలు క్యూతో ఆడమంటాను. వినేవాళ్లు వింటున్నారు, వాళ్లు ఆడే క్యూల టిప్‌లు తేడా చూపిస్తున్నాయి.

కొనేవాళ్లకి ఒకటి రెండు మాటలు. ముందు ఫెర్రూల్ కొలుచుకోండి. స్నూకర్ క్యూలు ఎక్కువగా తొమ్మిది నుంచి పది మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి, పూల్ క్యూలు పన్నెండు, పదమూడు. సరిగ్గా అదే కొలతది కొనకండి, అరమిల్లీమీటరు పెద్దది తీసుకుంటే అంచు కోసి ఫెర్రూల్‌తో సమానం చేసుకోవచ్చు. చిన్నది తీసుకుంటే చేసేదేమీ లేదు. పెట్టె మీద అచ్చు మసకగా ఉన్నా, టిప్‌ల ఎత్తు ఒకదానికొకటి కలవకపోయినా తీసుకోకండి. ఒక్క క్యూ ఉన్నవాళ్లకి యాభై టిప్‌ల పెట్టె అక్కర్లేదు, నలుగురైదుగురు కలిసి పెట్టె తెప్పించుకుని పంచుకోండి, గట్టివి ఏరుకునే వీలు కూడా ఉంటుంది. అనంతపురంలోనే ఉంటే నొక్కి ఆరబెట్టినవి నా డబ్బాలో ఎప్పుడూ కొన్ని ఉంటాయి. మధ్యాహ్నం రండి, టేబుళ్లు ఖాళీగా ఉంటాయి, క్యూ నా దగ్గర వదిలి వెళ్తే మర్నాడు సాయంత్రానికి సిద్ధంగా ఉంటుంది.